అయిదవ విద్యార్థిని

2024 సంవత్సరారంభంలో ఒక మధ్యాహ్నం మా అన్నయ్య కూతురు నాకు ఫోను చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కళాశాలలో బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల. కళాశాల కార్యాలయపు కిటికీ ముందు వరుసలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. వెనుక ఆడపిల్లల కలకలం వినవస్తోంది.

“అత్తా, నా మేజరు ఇంగ్లీషు కదా! మైనరు ఏమిటో సాయంత్రంలోగా రాసి ఇమ్మంటున్నారు. ఏం రాయను?”

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2023-24 నుంచి ఒక మేజరు, ఒక మైనరు అనే పద్ధతి వచ్చింది. ఒక విషయాన్ని ప్రధానంగా చదవాలి. మరొకదాన్ని దానికి తోడుగా, కొంచెం తక్కువ మోతాదులో చదవాలి.

“జాబితాలో ఏమేమి ఉన్నాయో చదువు” అన్నాను.

చదివింది. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం, కంప్యూటర్లు, ఇంకా ఏవేవో. అన్నీ అయిన తరువాత, దుకాణంలో అమ్ముడుపోని సరుకును చివరలో చూపినట్టు, “సంగీతం కూడా ఉందిట. కాని ఎవరూ పెద్దగా చేరడం లేదుట. చాలినంతమంది లేకపోతే తీసేస్తారుట” అని చేర్చింది.

నేను కొంతసేపు ఏమీ అనలేకపోయాను. “అత్తా, వినిపిస్తోందా? సిగ్నలు పోయిందా?” అంటున్నది పిల్ల. “సంగీతమే రాయి” అన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా చెప్పలేదు. మేనత్త మాట కదా అని ఆమె అలాగే వ్రాసి ఇచ్చింది. ఎందుకు అలా చెప్పానో తరువాత అడుగుతుందని తెలుసు. ఆమెకు చెప్పవలసినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

మైనరు అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. కోర్టులో యుక్తవయస్సు రానివాడు మైనరు. పల్లెటూళ్లలో సిల్కు లాల్చీ తొడుక్కుని, అత్తరు పూసుకుని, తాత సంపాదించినది కరగబెట్టే చిన్నబాబు కూడా మైనరే. ఆంగ్ల సాహిత్య చరిత్రలు చదివినవారికి మైనరు కవులనే అధ్యాయం ఒకటి తెలుసు. పరీక్షలో ప్రశ్న రాదు కనుక దానిని అందరూ వదిలేస్తారు. మా రోజులలో కళాశాలలో ఈ మాట వినిపించేది కాదు. మేము ‘అదనపు విషయం’ అనేవాళ్లం. పేరు ఏదైనా గౌరవం ఒక్కటే. పెళ్లిలో పెళ్లికొడుకు పక్కన కూర్చునే తోడుపెళ్లికొడుకు వంటిది అది. అందరికీ కనిపిస్తాడు, ఎవరూ అతన్ని చూడరు.

మాది కొంటా. బస్తరు దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నదికి అవతలి ఒడ్డు ఒడిశా, అక్కడి ఊరు మోటు. కొంచెం దిగువకు వస్తే ఆంధ్రదేశం. నేను పుట్టినప్పుడు మా ఊరు మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలో ఉండేది. 1998లో దంతేవాడ జిల్లాలోకి వెళ్లింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అయింది. 2012లో సుక్మా జిల్లా అయింది. ఇన్ని చిరునామాలు మారినా మా ఇల్లు మాత్రం ఒక్క అంగుళం కదలలేదు. నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డారు. చింతపండు, ఇప్పపువ్వు కొనడం, ఉప్పు, నూనె, బట్టలు అమ్మడం ఆయన పని. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దొర్లీ. దొర్ల జనం మాట్లాడే ఆ భాష గోండు, కోయ భాషలకు చుట్టం. అందులో మన తెలుగు మాటలు ఎన్నో కలిసిపోయి ఉంటాయి. సంతనాడు తెల్లవారుజామునే మా వాకిటి ముందు నుంచి దొర్ల స్త్రీలు తలమీద గంపలతో వరుసగా పాడుకుంటూ వెళ్లేవారు. మాటలలో సగం తెలిసేవి, సగం తెలిసేవి కావు. తెలియని సగం కోసమే నేను మంచం దిగి గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని.

అమ్మ మాత్రం రేడియో మనిషి. ఉదయం విజయవాడ కేంద్రం దొరికే వరకు ముల్లు తిప్పి, భక్తిరంజని వింటూ బియ్యం ఏరేది. గాలివాన వచ్చిన రోజున జగదల్‌పూరు మాత్రమే పలికేది. అప్పుడు అమ్మ తనే పాడుకునేది. అమ్మకు సంగీతం రాదు. శ్రుతి అనే మాట నేను మొదట విన్నది తరువాత చాలా ఏళ్లకు.

పదవ తరగతి వరకు కొంటాలో హిందీ మాధ్యమం. ఇంటర్మీడియట్ భద్రాచలంలో. అక్కడ గుడి మైకులో రామదాసు కీర్తనలు తెల్లవారకముందే మొదలయ్యేవి. వాటిని తప్పించుకుని చదువుకోవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. 1998లో బి.ఏ.కు గోదావరి ఒడ్డునే ఉన్న ఇంకొక పట్టణంలో ఒక చిన్న మహిళా కళాశాలలో చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆంగ్ల సాహిత్యం నా కోరిక. అదనపు విషయం ఒకటి ఉండాలన్నారు. టైపు నేర్పే తరగతి నిండిపోయింది. మిగిలినది సంగీతం. నా కళాసాధన ప్రారంభమైనది ఇంత మహత్తరమైన కారణంతో!

మేము అయిదుగురం. ఒక అమ్మాయికి పెళ్లిచూపులలో పాడడానికి పనికివస్తుందని వాళ్ల నాయనమ్మ చేర్పించింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు బస్సు వచ్చేదాకా కాలక్షేపానికి చేరారు. నాలుగో అమ్మాయికి మాత్రమే నిజంగా మంచి గొంతు ఉండేది. అయిదవదాన్ని నేను. అయిదుగురు ఉంటేనే తరగతి నడుస్తుందని కళాశాల నియమం. ఒక్కరు తగ్గినా గంటల లెక్కన జీతం ఇచ్చే ఉపాధ్యాయిని అవసరం ఉండదు. ఈ నియమం నోటీసు బోర్డు మీద మొదటి రోజునే చదివాను. పాఠకులు ఈ మాట దయచేసి గుర్తుంచుకోవాలి.

మా గది సైకిలు స్టాండుకూ గృహవిజ్ఞాన శాస్త్ర ప్రయోగశాలకూ మధ్యన ఉండేది. మేము సరళీ స్వరాలు అందుకునే వేళకు గోడ అవతల పోపు వేగేది. కుక్కరు ఈల వేసేది. “ఆ ఈలకు శ్రుతి అక్కర్లేదు, మీకు కావాలి” అనేవారు మా సంగీతం టీచరుగారు, కనుబొమ కూడా కదపకుండా.

ఆవిడకు అప్పటికి నలభై అయిదేళ్లుంటాయేమో. సన్నగా, నేత చీరతో, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచితో వచ్చేవారు. విజయనగరంలో చదువుకున్నారు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు కొంచెం నిటారుగా నిలబడేది. అలా నిలబడడానికి కారణం ఉంది. 1919లో విజయనగరం మహారాజావారు నెలకొల్పిన ఆ సంగీత కళాశాలకు మొదటి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ బోధించి, దాసుగారి తరువాత ప్రధానాచార్యులు అయ్యారు. ఘంటసాల అక్కడి విద్యార్థి. పి. సుశీల అక్కడి విద్యార్థిని. అటువంటి చోట చదివినావిడ మా కుక్కరు ఈలల మధ్య గంటకు ఇంతని తీసుకుని పాఠం చెబుతున్నారు. ఆ సంగతి అప్పుడు నాకు వింతగా తోచలేదు. పద్దెనిమిదేళ్ల వయస్సులో ఏ ఉపాధ్యాయుడైనా గదిలోని బల్లలాగా ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు అనిపిస్తాడు.

మొదటి నాలుగు నెలలూ మాయామాళవగౌళ తప్ప మరొకటి లేదు. పురందరదాసు ఆనాడు వేసిన బాట అది. కర్ణాటక సంగీతం నేర్చే ప్రతి పిల్లా ఆ రాగంలోనే సరళీ స్వరాలు మొదలుపెడుతుంది. ఇదే ఎందుకని అడిగాను. అడిగినందుకు ఆవిడ సంతోషించి, నల్లబల్ల మీద సప్తకాన్ని రెండు ముక్కలుగా గీసి చూపారు. షడ్జమం పక్కనే ఆనుకుని శుద్ధ రిషభం; ఆ తరువాత పెద్ద గెంతు, అంతర గాంధారానికి; దాని పక్కనే మధ్యమం. మళ్లీ పంచమం పక్కనే శుద్ధ ధైవతం. మళ్లీ అదే గెంతు, కాకలి నిషాదానికి. దాని పక్కనే పై షడ్జమం. పూర్వాంగం ఎలాగో ఉత్తరాంగం అలాగే. చిన్న అడుగు, పెద్ద అడుగు, చిన్న అడుగు. “ఒకే మెట్లవరుసను రెండుసార్లు ఎక్కుతున్నారు. కింద కాలు జారినవాళ్లకు పైన ఎక్కడ జారతామో ముందే తెలిసిపోతుంది” అన్నారు.

నేను కిందా జారాను, పైనా జారాను. నా గొంతు పాటకు పుట్టినది కాదు. మూడవ నెలలో ఆవిడే ఆ మాట చెప్పారు, చాలా మామూలుగా, చీర కుచ్చిళ్లు సరిగా లేవని చెప్పినట్టు. “నీ గొంతు ఎక్కువ దూరం రాదమ్మా. కాని నీ చెవి నీ గొంతు కంటే ముందు నడుస్తోంది. ఇవాళ్టి నుంచి తంబుర శ్రుతి చేసే పని నీది.”

అలా నాకు తంబుర వచ్చింది. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం: నాలుగే తీగలు. బిరడాలు తిప్పి దగ్గరకు తేవాలి, పూసలు జరిపి సరిచేయాలి, జీవాళి పోగును గుర్రం మీద వెంట్రుకవాసి కదిలించాలి. తీగ పలికినప్పుడు మనం మీటిన స్వరం కాక, మీటని స్వరం ఒకటి దానిలోనుంచి పైకి లేస్తుంది. మంద్ర షడ్జమంలో గాంధారం వినిపించిందా అని ఆవిడ రోజూ అడిగేవారు. వినిపించిందని మొదట్లో అబద్ధం చెప్పేదాన్ని. ఒక రోజున, వాన కురుస్తూ ఉండగా, పక్క గదిలో వంట లేని రోజున, నిజంగానే వినిపించింది. ఎవరూ పాడని గాంధారం, మసకగా, గది పైకప్పు దగ్గర ఎక్కడో! నేను చేయి ఎత్తాను. ఆవిడ ఏమీ అనకుండా తల ఊపారు.

నోటు పుస్తకం విషయంలో ఆవిడకు ఒక విచిత్రమైన నియమం ఉండేది. స్వరాలు సిరాతో వ్రాయాలి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జారడం, తాకి వదలడం, వీటిని పైన చిన్న చిన్న గీతలుగా పెన్సిలుతో మాత్రమే వ్రాయాలి. “స్వరం మారదు. గమకం మీకు ఈ ఏడు ఒకలా వినిపిస్తుంది, వచ్చే ఏడు ఇంకోలా వినిపిస్తుంది. చెరిపి దిద్దుకోవాలి” అనేవారు. ఈ సందర్భంలోనే ఆవిడ ఒక గ్రంథం కథ చెప్పారు. తమిళదేశంలోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు అనే వృద్ధ పండితుడు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో ప్రచురించారు. గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు ఏర్పరచి కీర్తనలన్నిటికీ వేశారు. ఆ పనికి ఆయనను పురికొల్పినవారిలో ఒకరు చిన్నస్వామి మొదలియారు. ఆయన 1893లోనే మన కీర్తనలను పాశ్చాత్యుల స్వరలిపిలోకి ఎక్కించే మహాప్రయత్నం చేసిన మనిషి. ఆంగ్ల సాహిత్యం చదువుతున్న నాకు ఈ కథ గట్టిగా పట్టుకుంది. ఒకరు మన పాటను పరాయి లిపిలోకి తర్జుమా చేయబోయారు; ఇంకొకరు మన లిపికే కొత్త గుర్తులు కుట్టారు. అనువాదకులు నేటికీ ఈ రెండు దారుల మధ్యనే తిరుగుతూ ఉంటారు.

అనువాదమంటే జ్ఞాపకం వచ్చింది. నారాయణదాసుగారు గజ్జె కట్టి హరికథ చెప్పిన మనిషి అని మాత్రమే నాకు తెలుసు. ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుంచీ, ఫిట్జిరాల్డు ఇంగ్లీషు నుంచీ సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చి 1932లో ప్రచురించారని నాకు తెలియజేసినది మా ఆంగ్ల ఉపన్యాసకులు కారు, సంగీతం టీచరుగారు. షేక్స్పియరునూ కాళిదాసునూ పక్కపక్కన పెట్టి ‘నవరసతరంగిణి’ కూర్చినది కూడా ఆయనే. సంగీత కళాశాల ప్రధానాచార్యుడు అనువాదకుడు కావడం ఏమిటని నేను ఆశ్చర్యపోతే, “కాకపోతే ఎవరవుతారు?” అన్నారావిడ.

రెండవ సంవత్సరం మోహన వర్ణం మొదలైంది. అదే రోజులలో ఆంగ్లం తరగతిలో స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ పాఠం. ఆయన 1788లో పంపిన ‘ఆల్డ్ లాంగ్ సైన్’ అనే పాటను ప్రపంచమంతా కొత్త సంవత్సరం వేళ పాడుతుందని ఉపన్యాసకులు చెప్పి, ఒకసారి కూనిరాగం తీశారు. ఆ బాణీ చెవిలో పెట్టుకుని సంగీతం గదికి వచ్చి, మాటలు లేకుండా పాడి వినిపించాను. టీచరుగారు కళ్లు మూసుకుని విని, వేళ్లమీద లెక్కపెట్టారు. “స రి గ ప ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. ఇది మోహన స్వరాలే కదా, ఎక్కడిది?” అన్నారు. స్కాట్లండుది అన్నాను. హిందుస్తానీవారు ఆ అయిదు స్వరాలనే భూపాలీ అంటారని చెప్పి, ఆ పాటను ఒకసారి గమకాలతో పాడి చూపారు. మేము అయిదుగురం పగలబడి నవ్వాం. స్కాట్లండు పాటకు జరీ చీర కట్టినట్టుంది! తరువాత మోహనను గమకాలు తీసేసి, గీత గీసినట్టు నిక్కచ్చిగా పాడారు. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. అది మోహన కాదు. స్వరాలు అవే. ఒక్కటీ తప్పు లేదు. రాగం మాత్రం లేచి వెళ్లిపోయింది.

నేను తరువాత పాతికేళ్లుగా చేస్తున్న పనికి పాఠం ఆ పది నిమిషాలలో అయిపోయింది. ఒక నవల అనువదిస్తున్నప్పుడు, ఏళ్ల తరువాత ఇంటికి వచ్చిన కొడుకును చూసి ఒక ముసలి తల్లి అనే చిన్న మాట ఒకటి వచ్చింది. నిఘంటువు ప్రకారం అది ‘వచ్చావు’ మాత్రమే. “వచ్చావా” అని వ్రాస్తే ఎదురుచూసిన తల్లి. “వచ్చావూ” అంటే దెప్పే తల్లి. “వచ్చావన్నమాట” అంటే ఇరుగుపొరుగువాళ్ల ముందు కూర్చున్న తల్లి. మూడు రోజులు ఆ మాటను ఇల్లంతా తిరుగుతూ పైకి అన్నాను. చివరకు “వచ్చావ్” అని పొట్టిగా కోసి, పక్కన విరామం పెట్టి ఊరుకున్నాను. సంపాదకులు అది ముద్రణ దోషమనుకుని సరిచేయబోయారు. అప్పుడు నేను చేసిన తగాదా ఆయనకు ఇప్పటికీ గుర్తు ఉండి ఉంటుంది. పదాలన్నీ ఒప్పుగా ఉండి వాక్యం తప్పు కావడమనే సంగతిని ఏ ఆంగ్ల సాహిత్య తరగతిలోనూ నాకు ఎవరూ ఇంత తేటగా చూపలేదు.

ఇక చెప్పడానికి ఇష్టం లేని భాగానికి వస్తాను.

అదనపు విషయం రెండేళ్లు తప్పనిసరి. మూడవ ఏడు ఇష్టమున్నవారు కొనసాగించవచ్చు. 2000 జూలైలో కళాశాల తెరిచేనాటికి నాకు ఎం.ఏ. ప్రవేశపరీక్ష భయం పట్టుకుంది. హిందీ మాధ్యమంలో చదివి వచ్చినదాన్ని. నా ఇంగ్లీషు ఎంత కష్టపడి నిలబెట్టుకున్నదో నాకే తెలుసు. సాయంకాలాలలో శిక్షణ తరగతులు ఉన్నాయన్నారు. అవీ సంగీతం గంటలూ ఒకే వేళ. నాన్నగారికి ఉత్తరం వ్రాశాను. ఆయన జవాబు మూడు పంక్తులు: ఏది ముఖ్యమో అది చెయ్యి, డబ్బు పంపుతున్నాను, వాన లేదు.

మానుకుంటున్నట్టు దరఖాస్తు వ్రాశాను. దానిమీద సంగీతం టీచరుగారి సంతకం కావాలి. ఆవిడ తంబురకు ముసుగు తొడుగుతున్నారు. కాగితం అందుకుని, నిలబడే చదివి, గుడ్డసంచిలోనుంచి కలం తీసి సంతకం చేశారు. ఎందుకని అడగలేదు. “వర్ణంలో చరణం పూర్తిగా వ్రాసుకోలేదు నువ్వు. ఒక రోజు వచ్చి వ్రాసుకుని వెళ్లు” అన్నారు. సరేనన్నాను. వెళ్లలేదు.

అయిదుగురం నలుగురయ్యాం. ఆగస్టు మొదటి వారంలో ఆ గదికి తాళం పడింది. కొన్నాళ్లకు అందులో పాత బల్లలు పెట్టారు. మంచి గొంతు ఉన్న ఆ నాలుగో అమ్మాయి ఒకసారి నడవాలో ఎదురై, నా పక్కనుంచి తల తిప్పుకుని వెళ్లింది. ఆమె ఆ తరువాత పాడిందో లేదో నేను విచారించలేదు. విచారిస్తే తెలుస్తుందని భయం.

నియమం నాకు తెలియదని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. మొదట స్నేహితులకు, తరువాత నా భర్తకు, చివరకు నాకే. తెలుసు. నోటీసు బోర్డు మీద మొదటి రోజునే చదివానని పైన వ్రాసింది అందుకే. దరఖాస్తు వ్రాసేటప్పుడు కూడా గుర్తుంది. మిగిలిన నలుగురిలో ఎవరో ఒకరు కొత్త అమ్మాయిని తెస్తారులే అనుకున్నాను. ఆవిడకు ఇంకెక్కడైనా దొరుకుతుందిలే అనుకున్నాను. తప్పు చేసేటప్పుడు మనిషికి ఎదుటివారి సామర్థ్యం మీద కలిగే నమ్మకం అపారం.

ఎం.ఏ. సీటు వచ్చింది. చదివాను, పెళ్లయింది, అనువాదాలలో పడ్డాను. సంగీతం నోటు పుస్తకం కొంటాలో మా ఇంటి కింది గదిలో, ఇనుప ట్రంకు పెట్టెలో ఉండిపోయింది.

2022 జూలైలో గోదావరికి వరద వచ్చింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. గోదావరి అంత ఎత్తున నిలబడితే కూనవరం వద్ద దానిలో కలవవలసిన శబరి ఎటుపోతుంది? వెనక్కి ఎగదన్నుతుంది. కొంటా వీధులలోకి ఆ నీరే వచ్చింది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు వచ్చిన ఏడు నాకు అయిదేళ్లు. నాన్నగారు నన్ను భుజం మీద ఎత్తుకుని ఉప్పు బస్తాల వైపు తిరిగి తిరిగి చూడడం ఇంకా గుర్తుంది. ఈసారి ఆయన లేరు. అన్నయ్య కుటుంబాన్ని మేడమీదికి చేర్చాడు. కింది గది మునిగింది.

నీరు తీసిన తరువాత ట్రంకు పెట్టె తెరిచినది మా మేనకోడలే. పుస్తకాలు ముద్దలయ్యాయి. ఒక నోటు పుస్తకం మాత్రం విడివిడిగా పేజీలు తీయడానికి వచ్చిందని, దాన్ని తాడు మీద బట్టల్లాగా ఆరవేసింది. తరువాత నేను వెళ్లినప్పుడు తెచ్చి చేతిలో పెట్టి, “ఇదేం భాష అత్తా?” అని అడిగింది.

సిరా అంతా కొట్టుకుపోయింది. స, రి, గ, ప, ద ఏవీ లేవు; లేత నీలం మరకలు తప్ప. పెన్సిలు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. పేజీ నిండా చిన్న వంపులు, అలలు, కొక్కేలు. కింద స్వరం లేదు, పైన దాని ఊపు ఉంది.

ఇది జరిగిన ఏడాదిన్నరకు వచ్చింది మైనరు ఫోను. ఆ వేసవి సెలవులలో మేనకోడలిని వెంటబెట్టుకుని గోదావరి ఒడ్డు పట్టణానికి వెళ్లాను. ఇరవై నాలుగేళ్ల తరువాత! టీచరుగారు ఇల్లు మారలేదని అక్కడి మందుల దుకాణంలో చెప్పారు. డెబ్బై దాటాయి. కళ్లద్దాలు దళసరి అయ్యాయి. వసారాలో ఇద్దరు చిన్నపిల్లలు జంట స్వరాలు పాడుతున్నారు. తంబుర మూలన ముసుగుతో ఉంది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మోగుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. “తంబుర అమ్మాయివి” అన్నారు చివరకు.

పిల్లలు వెళ్లిన తరువాత, మంచినీళ్లు తాగి, దారి పొడవునా కూడబలుక్కున్నది చెప్పాను. నియమం నాకు తెలుసని, తెలిసే మానుకున్నానని. ఆవిడ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

“నువ్వు మానకపోయినా ఆ ఏడు నడిచేది కాదులే. వాళ్లు అప్పటికే నిర్ణయించుకున్నారు” అన్నారు.

అది నిజమో, దయతో అన్న మాటో నాకు తెలియలేదు. అడుగుదామనుకున్నాను, అడగలేదు. ఆ తరువాత ఎలా గడిపారని మాత్రం అడిగాను. “ఇళ్లకు వెళ్లి చెప్పాను. మొదట రెండేళ్లు కష్టమైంది” అన్నారు. ఆ రెండేళ్ల గురించి ఇంకేమీ చెప్పలేదు.

నోటు పుస్తకం తీసి ఆవిడ చేతికి ఇచ్చాను. కిటికీ దగ్గరకు వెళ్లి, పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో పెన్సిలు గీతలను ఒక్కొక్కటే తాకారు. ఒక పేజీ దాటించారు. ఇంకొకటి దాటించారు. మూడవ పేజీ దగ్గర వేలు ఆగింది.

“ఇదుగో, మోహన” అన్నారు.

నిలబడే అందుకున్నారు. గొంతు కొంచెం వణికింది, తరువాత వణకడం మానింది. గీత వంపు తిరిగినచోట స్వరం వంపు తిరిగింది, కొక్కెం ఉన్నచోట తాకి వదిలింది. లేని స్వరాలను ఆ గీతల కిందనుంచి తీసి పాడుతున్నారు. చరణం వరకు వచ్చి ఆగిపోయారు. తరువాతి పేజీలో ఏమీ లేదు. మరకలు కూడా లేవు.

“ఇక్కడి నుంచి నువ్వు వ్రాసుకోలేదు” అన్నారు, నిన్న జరిగినట్టు.

మేనకోడలు అప్పటికే తన పుస్తకం తెరిచి, బాల్‌పెన్ను మూత తీసింది. టీచరుగారు అద్దాల పైనుంచి ఆ కలం వంక చూశారు.

“పెన్సిలు కూడా ఉందా నీ దగ్గర?” అని అడిగారు.

లేదు. నేను వీధి చివరి దుకాణానికి వెళ్లి రెండు కొనుక్కొచ్చాను.